చూలు నిలవడంలో ఎవరి వాటా ఎంత? పాడి ఆవుల జన్యు విలువలు, పిండ మార్పిడిపై సమీక్ష

పాడి పరిశ్రమలో గత పాతికేళ్లలో రెండు పనులు జోరందుకున్నాయి. ఆవు ఎంత సులువుగా చూలు కడుతుందో దాని జన్యువుల్ని బట్టి ముందే అంచనా వేయడం ఒకటి. మేలైన ఆవు పిండాల్ని తీసి మామూలు ఆవుల కడుపున పెంచడం రెండోది. రెండూ సంతానోత్పత్తికి సంబంధించినవే కాబట్టి ఒకదాని లెక్క రెండోదానికీ సరిపోతుందని చాలామంది పెంపకందారులు అనుకున్నారు. సంతాన సామర్థ్యం విలువ ఎక్కువున్న ఆవును దాతగా పెట్టుకుంటే పిండాలు ఎక్కువ వస్తాయనీ, ఆ పిండాలు ఏ కడుపులో పెట్టినా నిలుస్తాయనీ ఆశించారు. పరిశోధనల్లో తేలింది అంత సూటిగా లేదు. ఒకచోట లాభం కనబడితే మరోచోట కనబడలేదు; కొన్నిచోట్ల ఫలితం తిరగబడింది కూడా.

చిక్కు ఎక్కడుందంటే, మామూలుగా చూలు కట్టే ఆవులో అండం ఇచ్చేదీ, మోసేదీ ఒకటే శరీరం. పిండ మార్పిడిలో ఆ రెండు పనులూ విడిపోతాయి. అండం దాతది, గర్భకోశం గ్రహీతది, మధ్యలో ఉన్న పిండానికి తన సొంత జన్యువులు. ఈ ముగ్గురికీ కలిపి ఒకే సంతాన సామర్థ్యం అని పేరు పెట్టి కొలవబోతే ఫలితాలు కలగాపులగం కాక తప్పదు. గత అర్ధ శతాబ్దపు వాదనల్ని ఈ ముగ్గురి కింద విడదీసి చూస్తే చాలావరకు స్పష్టత వస్తుంది. కొన్ని ముడులు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి.

పాలు పెరిగాయి, చూలు తగ్గింది

చర్చకు మూలం అమెరికా హోల్‌స్టీన్ ఆవు. 1960ల నుంచి 2000 దాకా ఆ జాతిని ప్రధానంగా పాల కోసమే ఎంచుతూ వచ్చారు. ఒక్కో ఆవు పాల దిగుబడి రెట్టింపయింది. అదే కాలంలో ఈనిన ఆవు మళ్లీ చూలు కట్టడానికి పట్టే రోజులు పెరిగాయి, ఒక్క సూదితో, అంటే ఒక్క కృత్రిమ గర్భధారణతో, నిలిచే ఆవుల శాతం తగ్గింది. మేత మారింది, మందలు పెద్దవయ్యాయి, ఎద గమనించే మనుషులు తగ్గారు. కాబట్టి నేరమంతా జన్యువుల మీద మోపడం సరికాదు. కానీ ఎద్దుల వారీగా, తరాల వారీగా లెక్కలు తీసినప్పుడు జన్యు విలువ కూడా ఏటేటా దిగజారుతున్నట్టు తేలింది. పాలకూ చూలుకూ మధ్య ఉన్న జన్యు సంబంధం ప్రతికూలమైనది. ఒకదాన్నే పట్టుకుని లాగితే రెండోది కిందికి పోతుంది.

అయినా దశాబ్దాలపాటు ఎవరూ దీన్ని ఎంపికలో చేర్చలేదు. కారణం అనువంశికత. పాల దిగుబడిలో ఆవుకూ ఆవుకూ కనిపించే తేడాలో నూటికి పాతిక, ముప్ఫై వంతులు జన్యువుల వల్ల వస్తే, చూలు కట్టే వేగంలో ఆ వాటా నూటికి నాలుగు దగ్గరే ఉంటుంది. మిగతాదంతా మేత, వ్యాధులు, వేడి, మనిషి శ్రద్ధ. ఇంత తక్కువ వాటా ఉన్న గుణాన్ని ఎంపికతో మెరుగుపరచలేం అన్నది ఆనాటి పాఠ్యపుస్తకాల తీర్పు.

ఆ తీర్పు తప్పని నిరూపించింది స్కాండినేవియా. నార్వేలో 1970ల నుంచే పశువుల వ్యాధులు, గర్భధారణ వివరాలు దేశవ్యాప్తంగా నమోదు చేసి, ఎద్దుల ఎంపికలో వాటికి బరువు ఇచ్చారు. పాలు పెరుగుతున్నా నార్వే ఎర్ర ఆవుల్లో చూలు కట్టే గుణం హోల్‌స్టీన్‌లో లాగా కూలిపోలేదు. వాటా శాతంలో తక్కువైనా, మొత్తం తేడా చాలా పెద్దది కాబట్టి ఒక ఎద్దుకు వందల కూతుళ్ల వివరాలుంటే మంచీచెడూ తేల్చవచ్చు. కావలసింది ఓపికగా రాసిపెట్టిన రికార్డులు. ఈ ఒక్క విషయాన్ని ప్రపంచం ముప్ఫై ఏళ్లు ఆలస్యంగా గ్రహించింది.

అమెరికా వ్యవసాయ శాఖ 2003లో కూతుళ్ల గర్భధారణ రేటు అనే జన్యు విలువను ప్రకటించడం మొదలుపెట్టింది. సూదికి సిద్ధంగా ఉన్న ఖాళీ ఆవుల్లో ప్రతి 21 రోజులకు ఎంత శాతం చూలు కడుతున్నాయన్నది దాని అర్థం. ఈ విలువలో ఒక్క పాయింటు తేడా అంటే ఈనిన తర్వాత ఖాళీగా గడిచే రోజుల్లో సుమారు నాలుగు రోజుల తేడా. పెయ్యలకూ ఆవులకూ విడివిడిగా గర్భధారణ విలువలు ఆ తర్వాత వచ్చాయి. 2009లో జీనోమిక్ మదింపు అధికారికంగా అమల్లోకి రావడంతో పుట్టిన కొద్ది రోజులకే, ఒక చెవి ముక్కతోనో కొన్ని వెంట్రుకలతోనో, దూడ విలువ తెలిసిపోయే పరిస్థితి ఏర్పడింది. దిగజారుతున్న గీత అప్పటికే నిలిచి, పైకి తిరిగింది.

కడుపు మారిన పిండం

పిండ మార్పిడి కథ ఇంకా పాతది. కుందేళ్లలో 1890లోనే వాల్టర్ హీప్ చేసి చూపించాడు. ఆవుల్లో తొలి దూడ 1951లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పుట్టింది. 1970ల్లో శస్త్రచికిత్స లేకుండా గర్భకోశాన్ని కడిగి పిండాలు తీసే పద్ధతి, ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి దాచే పద్ధతి రావడంతో ఇది వ్యాపారమైంది. దాతకు హార్మోన్ సూదులిచ్చి ఒకేసారి అనేక అండాలు విడుదలయ్యేలా చేస్తారు; మేలైన ఎద్దు వీర్యం ఎక్కిస్తారు; ఏడో రోజున పిండాలు బయటకు తీస్తారు. ఒక్కో కడుగుకు సగటున అయిదారు పనికొచ్చే పిండాలు వస్తాయి. సగటు చెప్పే మాట ఇక్కడ నమ్మదగింది కాదు: ఒక ఆవు ఇరవై ఇస్తుంది, దాని పక్కనున్నది ఒక్కటీ ఇవ్వదు.

ప్రయోగశాలలో ఫలదీకరణతో తొలి దూడ 1981లో అమెరికాలోనే పుట్టింది. తర్వాతి దశాబ్దంలో అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో అండాశయం నుంచి నేరుగా అండాలు పీల్చే పద్ధతి ఐరోపాలో స్థిరపడింది. దాన్ని అసలైన పరిశ్రమగా మార్చింది బ్రెజిల్. 2016 నుంచి ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాల పిండాల సంఖ్య, కడుపులో పెరిగి కడిగి తీసిన పిండాల సంఖ్యను దాటింది. జీనోమిక్ మదింపు ఈ మార్పుకు ఊపు ఇచ్చింది. పది నెలల పెయ్య కూడా విలువైనదని తెలిశాక, అది ఈనేదాకా ఎందుకు ఆగాలి అన్న ప్రశ్న సహజంగానే పుట్టింది. ఇప్పుడు మేటి పెయ్యలు తామింకా చూలు కట్టకముందే డజన్ల కొద్దీ దూడలకు తల్లులవుతున్నాయి.

సుమారుగా చెప్పాలంటే, కడుపున పెరిగిన తాజా పిండాల్ని మార్చితే నూటికి అరవై దాకా నిలుస్తాయి, గడ్డకట్టించినవి యాభై దాకా. ప్రయోగశాలలో పెరిగిన తాజా పిండాలు నలభై చుట్టూ ఉంటాయి. ఈ పిండాలు గడ్డకట్టడాన్ని అంత బాగా తట్టుకోలేవు. ఈ అంకెల వెనక ఎవరి జన్యువులున్నాయన్నదే వాదన.

అండాశయం వైపు నుంచి

మొదటి వర్గం దాత మీద దృష్టి పెడుతుంది. వీళ్ల వాదనకు బలం అనువంశికత లెక్కల్లో ఉంది. ఒక ఆవు ఒక విడతలో ఎన్ని పిండాలిస్తుందన్న గుణానికి కెనడా హోల్‌స్టీన్‌లలో చేసిన లెక్కల్లో నూటికి 15 దరిదాపు వాటా జన్యువులదని వచ్చింది. అండాశయంలో అల్ట్రాసౌండ్‌కు కనిపించే, అండాలుండే చిన్న పుటికల సంఖ్యకు ఐర్లండ్ పరిశోధకులు లెక్కగట్టినది సుమారు 31. ఆ పుటికల నుంచి రక్తంలోకి వచ్చే యాంటీ ముల్లేరియన్ హార్మోన్‌కు ఇంకా ఎక్కువ, 40 దాకా. చూలు కట్టే వేగానికున్న 4తో పోలిస్తే ఇవి చాలా పెద్ద అంకెలు. పైగా ఒక ఆవులో పుటికల సంఖ్య ఏ నెలలో చూసినా దాదాపు స్థిరంగా ఉంటుంది. ఒక్క రక్త పరీక్షతో మంచి దాతను పట్టేయొచ్చన్న ఉత్సాహం అక్కడి నుంచి వచ్చింది. ఎన్ని పిండాలు వస్తాయన్న మేరకు ఆ ఉత్సాహం న్యాయమైనదే.

అక్కడ ఆగితే బాగుండేది. పుటికలు ఎక్కువున్న ఆవు సొంతంగా చూలు కట్టడంలో కూడా మేటి అని కొందరు ముందుకు సాగారు. మిషిగన్‌లో జేమ్స్ ఐర్లండ్ బృందం, డబ్లిన్‌లోని వారి సహచరులు తొలుత అటువైపే ఆధారాలు చూపారు. పుటికలు తక్కువున్న ఆవుల్లో చూలును నిలిపే హార్మోన్ ప్రొజెస్టిరాన్ తక్కువ, గర్భకోశపు పొర పలచన, చూలు ఆలస్యం. కానీ అదే మిషిగన్ బృందం 2017లో వెలువరించిన పరిశీలనలో, 25 లేదా అంతకుమించి పుటికలున్న హోల్‌స్టీన్ పెయ్యలు మందలో తక్కువ కాలమే నిలిచాయి. బ్రెజిల్ నెలూర్ ఆవుల్లో పుటికలు తక్కువున్నవే సూదికి బాగా నిలిచాయని మరికొందరు చూపారు. సొంత పాత ఫలితాన్ని ప్రశ్నించే ఫలితాన్ని దాచకుండా ప్రచురించిన ఆ బృందం నిజాయితీ ఈ రంగానికి చేసిన మేలు చిన్నది కాదు.

అమెరికాలో వాణిజ్య దాతల వివరాలతో చేసిన లెక్కల్లోనూ పిండాల సంఖ్య తాలూకు జన్యు విలువలకూ, పాలు, గర్భధారణ రేటు వంటి మిగతా విలువలకూ పెద్దగా సంబంధం కనబడలేదు. దీన్ని రెండు విధాలుగా చదవొచ్చు. ఎక్కువ పిండాలిచ్చే దాతల్ని ఎంచితే చూలు గుణం చెడిపోతుందన్న భయం అక్కర్లేదు. అలాగే గర్భధారణ రేటు విలువ చూసి దాతను కొంటే పిండాలు ఎక్కువ వస్తాయన్న ఆశా అక్కర్లేదు. ఇవి రెండు వేర్వేరు గుణాలు. అమ్మకపు జాబితాల్లో రెండింటినీ ఒకే వరసలో అచ్చువేసే అలవాటు కొనేవారిని తప్పుదోవ పట్టిస్తోందనే నా అభిప్రాయం.

గర్భకోశం వైపు నుంచి

రెండో వర్గం వాదన సులువైన ప్రయోగంతో మొదలవుతుంది. నాణ్యమైన పిండాల్ని ఒకే గుంపు పెయ్యలకు పెట్టి, చూలు నిర్ధారించి, తొలగించి, మళ్లీ పెట్టి, ఇలా పలుమార్లు చేస్తే ఏమవుతుంది? న్యూజిలాండ్‌లో 1990ల చివర మెక్‌మిలన్ ఈ దారిన వెళ్లాడు. అమెరికాలో గియరీ బృందం మాంసపు జాతి పెయ్యల మీద చేసి 2016లో ప్రచురించింది. కొన్ని పెయ్యలు ప్రతిసారీ పిండాన్ని నిలుపుకున్నాయి. కొన్ని ఒక్కసారీ నిలుపుకోలేదు. ఎదకు వచ్చాయి, అండాశయంలో ప్రొజెస్టిరాన్ ఇచ్చే కార్పస్ లూటియం ఏర్పడింది, పైకి ఏ లోపమూ లేదు. తేడా గర్భకోశం లోపల, పిండం పొడవుగా సాగే పదిహేను పదహారో రోజు దగ్గర బయటపడింది. ఆ రోజుల్లో పిండం ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రొటీన్ విడుదల చేసి తన ఉనికిని తల్లికి తెలియజేయాలి. సాగని పిండం ఆ కబురు పంపలేదు, ఆవు మళ్లీ ఎదకు వస్తుంది. మన పల్లెల్లో తిరిగి పొర్లుతోందని చెప్పుకునే ఆవుల్లో ఎన్నో ఈ దశలోనే పిండాన్ని పోగొట్టుకుంటున్నాయి.

కూతుళ్ల గర్భధారణ రేటు అసలు కొలిచేది చాలావరకు ఈ గర్భకోశాన్నీ, దాని చుట్టూ ఉన్న శరీరాన్నీ. ఐర్లండ్‌లోని మూర్‌పార్క్ పరిశోధన కేంద్రం దీన్ని స్పష్టంగా చూపింది. పాల విషయంలో సమానమైన జన్యు విలువ ఉండి, చూలు గుణంలో మాత్రం రెండు చివర్లలో ఉన్న హోల్‌స్టీన్ ఆవుల్ని ఎంచి ఒకే చోట ఒకే మేతతో పెంచారు. మంచి విలువ ఉన్నవి ఈనాక ఒంటి కండ తక్కువ కోల్పోయాయి, గర్భకోశం త్వరగా శుభ్రపడింది, ఎద గట్టిగా చూపించాయి, రక్తంలో ప్రొజెస్టిరాన్ ఎక్కువ ఉంది. పాలు మాత్రం తగ్గలేదు. పాలకూ చూలుకూ మధ్య వైరం అనివార్యం కాదనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు కనిపించలేదు.

విస్కాన్సిన్‌లో మైలో విల్ట్‌బ్యాంక్ బృందం ఇందులో కొంత భాగానికి యాంత్రిక వివరణ ఇచ్చింది. ఎక్కువ పాలిచ్చే ఆవు ఎక్కువ మేత తింటుంది. మేత తిన్నప్పుడు కాలేయానికి రక్తప్రవాహం విపరీతంగా పెరుగుతుంది. కాలేయం ఈస్ట్రోజెన్‌నూ ప్రొజెస్టిరాన్‌నూ తొందరగా కరిగించేస్తుంది. అందుకే ఎద బలహీనంగా, కొద్దిసేపే కనిపిస్తుంది. పిండం సాగడానికి కావలసిన ప్రొజెస్టిరాన్ చాలదు. అలాంటప్పుడు గ్రహీతకు అదనంగా ప్రొజెస్టిరాన్ ఇస్తే సరిపోవాలి కదా? పెయ్యల్లో అలా ఇస్తే పిండం త్వరగా సాగిందని ప్రయోగాలు చూపాయి. పొలం మీద మాత్రం చూలు శాతం నమ్మకంగా పెరగలేదు. ఈ వైరుధ్యానికి సంతృప్తికరమైన సమాధానం ఇప్పటికీ రాలేదు.

గ్రహీత జన్యు విలువను బట్టి పిండం నిలిచే శాతం మారుతుందా అంటే, మారుతుందన్న దిశలో ఆధారాలున్నాయి కానీ తేడా చిన్నది. ఇక్కడ ఒక కిటుకు గమనించాలి. గర్భధారణ రేటు విలువలో ఎద ఎంత గట్టిగా చూపిస్తుంది, ఈనాక ఎంత త్వరగా మళ్లీ చక్రం మొదలవుతుంది అనేవి కూడా కలిసి ఉన్నాయి. హార్మోన్లతో ఎదను కుదిర్చి, మంచి కార్పస్ లూటియం ఉన్న వాటినే ఎంచి పిండం పెట్టినప్పుడు ఆ భాగపు ప్రయోజనం చెరిగిపోతుంది. మిగిలేది గర్భకోశపు శక్తి మాత్రమే. దాన్ని విడిగా కొలిచే జన్యు విలువ ఏ దేశపు మదింపులోనూ స్థిరపడలేదు.

పిండం సొంత రాత

మూడో వర్గం చూపు పిండం జన్యువుల మీద. ఈ భాగంలోనే గత పదిహేనేళ్లలో నిక్కచ్చి ఫలితాలు వచ్చాయి.

2011లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు వేలాది ఆవుల జీనోమ్ సమాచారంలో ఒక విచిత్రమైన లేమిని వెతికారు. కొన్ని జన్యు ఖండాలు ఒక ప్రతిగా మందలో విరివిగా కనిపిస్తున్నాయి, రెండు ప్రతులుగా ఉన్న పశువు మాత్రం ఒక్కటీ లేదు. అంటే రెండు ప్రతులు చేరిన పిండం పుట్టకముందే చనిపోతోంది. హోల్‌స్టీన్‌లో ఇలాంటివి మూడు, జెర్సీలో ఒకటి, బ్రౌన్ స్విస్‌లో ఒకటి తొలి విడతలో దొరికాయి. ఆ తర్వాత జాబితా పెరిగింది.

వీటిలో మొదటిది 1962లో పుట్టిన పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్ అనే ఎద్దు నుంచి వచ్చింది. దానికి 16,000 కూతుళ్లు, 5 లక్షల మనవరాళ్లు, 20 లక్షలకు పైగా మునిమనవరాళ్లు. అమెరికా హోల్‌స్టీన్ జన్యు సంపదలో దాదాపు 14 శాతం దాని వాటా. పాల గుణంలో అది మేటి. దాని ఏపీఏఎఫ్1 జన్యువులో ఉన్న ఒక్క అక్షరం తప్పు ప్రపంచవ్యాప్తంగా సుమారు 5 లక్షల 25 వేల గర్భస్రావాలకు, 42 కోట్ల డాలర్ల నష్టానికి కారణమైందని 2016లో లెక్కగట్టారు. అదే ఎద్దు జన్యువుల వల్ల పాలలో వచ్చిన లాభం 3,000 కోట్ల డాలర్లని కూడా అదే వ్యాసం చెప్పింది. రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి. అయిదు లక్షల ఆవులు ఖాళీ అయిపోతే ప్రతి రైతూ మేతనో, డాక్టర్నో, తన అదృష్టాన్నో తిట్టుకున్నాడు. జన్యువు దాగి ఉన్న సంగతి ఎవరికీ తెలియదు.

డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్ ఎర్ర ఆవుల్లో దొరికిన ఉదాహరణ ఇంకా లోతైనది. పన్నెండో క్రోమోజోమ్‌లో దాదాపు 6 లక్షల 60 వేల అక్షరాల ముక్క ఒకటి ఎగిరిపోయింది. రెండు ప్రతుల్లోనూ ఎగిరిపోతే పిండం చనిపోతుంది. ఒక్క ప్రతిలో ఎగిరిపోయిన ఆవు మాత్రం పాలు ఎక్కువ ఇస్తుంది. 2014లో దీన్ని కనుగొన్నప్పటికి డెన్మార్క్‌లో 13, స్వీడన్‌లో 23, ఫిన్లాండ్‌లో 32 శాతం ఆవులు దీన్ని మోస్తున్నాయి. పాల కోసం ఎంచుతూ వెళ్లిన ప్రతి తరమూ తెలియకుండానే పిండాల మరణాన్ని కూడా ఎంచుకుంది. పాలు పెరిగితే చూలు ఎందుకు తగ్గిందన్న పాత ప్రశ్నకు కాలేయపు రక్తప్రవాహంతో పాటు ఇలాంటి జవాబు కూడా ఉందని తెలియడం పెద్ద మలుపు.

పిండ మార్పిడి చేసేవారికి దీని ఉపయోగం నేరుగా ఉంది. దాత, ఎద్దు రెండూ ఒకే ప్రాణాంతక ఖండాన్ని మోస్తుంటే వాటి పిండాల్లో నాలుగో వంతు ముందే పోయినట్టు లెక్క. పిండం ఎంత అందంగా, మొదటి తరగతిగా సూక్ష్మదర్శినిలో కనిపించినా ఫలితం అదే. కారణం, ఈ లోపాల్లో చాలావాటి ప్రభావం ఏడో రోజు దాటాకే బయటపడుతుంది. జోడీ కలిపే ముందు ఒక పరీక్ష చేస్తే తప్పించుకోగల నష్టం ఇది. పిండం నుంచి నాలుగైదు కణాలు తీసి జీనోమ్ చదివే పద్ధతి కూడా వాడుకలోకి వచ్చింది. అయితే కణాలు తీసిన పిండం గడ్డకట్టడాన్ని సరిగా తట్టుకోదు, కాబట్టి లాభనష్టాలు తూచుకోవాలి.

పిండం రాతలో ప్రయోగశాలకూ చేయి ఉంది. సీరం కలిపిన ద్రవాల్లో పెంచిన పిండాల నుంచి అతి పెద్ద దూడలు పుట్టడం 1990ల్లో గుర్తించారు. ద్రవాలు మారాక ఆ బెడద బాగా తగ్గింది. పెంపక ద్రవంలో కోలిన్ వంటి పోషకం కలిపితే దూడ బరువే మారుతుందని ఫ్లోరిడాలో పీటర్ హాన్సెన్ బృందం చూపింది. అంటే మొదటి వారంలో పిండం చుట్టూ ఉన్న నీళ్లు కూడా జన్యువుల పనితీరును దిద్దుతాయి. ఒక దూడ తక్కువ పాలిస్తే అది జన్యు విలువ తప్పా, ప్రయోగశాల ముద్రా అని విడదీయడం ఇక్కడి నుంచి కష్టమవుతుంది.

వాదనలు ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి

ఎన్ని పిండాలు వస్తాయన్నది ప్రధానంగా దాత అండాశయం చెబుతుంది, అది బలంగా వంశపారంపర్యం. పెట్టిన పిండం నిలుస్తుందా అన్నదాంట్లో గ్రహీత వాటా, పిండం వాటా రెండూ ఉన్నాయి. కానీ గ్రహీత వాటాలో జన్యువుల భాగం చిన్నది, దాని ఒంటి తీరు, వయసు, వేడి, ఈనాక పడ్డ ఇబ్బందులు పెద్దవి. పిండం వాటాలో ప్రాణాంతక ఖండాల వంటి కొన్ని విషయాలు నూటికి నూరుపాళ్లు జన్యుపరమైనవే. ఇంతవరకు మూడు వర్గాలూ ఒప్పుకుంటాయి.

విడిపోయేది బరువుల దగ్గర. గర్భకోశ వర్గం గ్రహీతల ఎంపిక మీద ఖర్చు పెట్టమంటుంది. పిండ వర్గం జోడీల పరీక్ష మీద, ప్రయోగశాల నాణ్యత మీద పెట్టమంటుంది. బ్రెజిల్‌లో పాలిచ్చే హోల్‌స్టీన్ ఆవుల మీద జరిగి 2007లో వెలువడిన పరిశీలన ఈ తగువును కొంత తీరుస్తుంది. పాలు పెరిగేకొద్దీ సూదితో చూలు కట్టే అవకాశం తగ్గింది, పిండం పెట్టినప్పుడు మాత్రం పాల ప్రభావం కనబడలేదు. శరీర ఉష్ణోగ్రత పెరిగితే రెండింట్లోనూ చూలు తగ్గింది. అంటే పాల ఒత్తిడి చాలావరకు అండాన్నీ, మొదటి ఏడు రోజుల పిండాన్నీ దెబ్బతీస్తోంది. ఆ వారం దాటించి పెడితే గర్భకోశం చాలా ఆవుల్లో బాగానే పని చేస్తోంది. ఎండాకాలంలో సూది కంటే పిండ మార్పిడి మేలని ఫ్లోరిడాలో పదేపదే చూడడానికి కారణం కూడా ఇదే. ఏడో రోజు పిండానికి వేడిని తట్టుకునే శక్తి వస్తుంది, అండానికీ రెండో రోజు పిండానికీ అది ఉండదు. నా తూకం అందుకే పిండం వైపు, దాని మొదటి వారం వైపు కొద్దిగా మొగ్గుతుంది.

మన మందల్లో

మన దేశంలో పిండ మార్పిడి 1987లో జాతీయ ప్రాజెక్టుగా మొదలైంది, జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ముందుండి నడిపింది. 2014లో మొదలైన రాష్ట్రీయ గోకుల్ మిషన్ ప్రయోగశాల పిండాలకు ఊతమిచ్చింది. గుంటూరు దగ్గరి లాం ఫారంలో ఒంగోలు జాతి మీద, నెల్లూరు జిల్లా చింతలదేవిలోని జాతీయ కామధేను కేంద్రంలో దేశీ జాతుల మీద పని సాగుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ 2021లో ఇండిగావ్ అనే జన్యు చిప్‌ను విడుదల చేసింది. 11,496 గుర్తులతో మన దేశీ ఆవుల కోసమే రూపొందించినది.

మనకున్న జీవసంబంధమైన అనుకూలత ఒకటుంది. మూపురం జాతుల అండాశయాల్లో పుటికలు హోల్‌స్టీన్ కంటే ఎక్కువ, రక్తంలో యాంటీ ముల్లేరియన్ హార్మోన్ ఎక్కువ. బ్రెజిల్ ప్రయోగశాలలు అంత వేగంగా ఎదగడానికి ఇదే మూలం. అక్కడి మాంసపు మందలో అత్యధికం నెలూర్ ఆవులు, అంటే మన నెల్లూరు, ప్రకాశం తీరం నుంచి ఓడలెక్కి వెళ్లిన ఒంగోలు సంతతి. అక్కడి పాడి మందకు వెన్నెముక గుజరాత్ గిర్, హోల్‌స్టీన్‌ల సంకరం. ఒక పెద్ద పరిశీలనలో సగం గిర్ సగం హోల్‌స్టీన్ ఆవులు రెండు శుద్ధ జాతుల కంటే ఎక్కువ అండాలిచ్చాయి. ఒంగోలు దాతల నుంచి పిండాలు తీయడం మనకు ప్రధాన ఇబ్బంది కాబోదని దీన్ని బట్టి చెప్పొచ్చు.

ఇబ్బంది గ్రహీత దగ్గర ఉంది. రెండు మూడు పశువులున్న ఇంట్లో, ఎండుగడ్డి మీద బతికే సంకర జాతి ఆవుకు ఖరీదైన పిండం పెడితే, దాని ఒంటి కండా, ఖనిజ లవణాల లోపమూ, పాత మాయ ఇన్ఫెక్షనూ ఫలితాన్ని తేలుస్తాయి. గ్రహీత జన్యు విలువ అక్కడ అన్నిటికంటే ఆఖరున చూడాల్సిన సంగతి. ముందు రెండు నెలల మేత, ఒక గర్భకోశ పరీక్ష ఇవ్వకుండా పిండం పెట్టడం రైతు సొమ్మునూ ప్రభుత్వ సబ్సిడీనీ వృథా చేయడమే.

గేదెల సంగతి వేరు. రెండు తెలుగు రాష్ట్రాల పాడిలో గేదె వాటా పెద్దది, కానీ దాని అండాశయంలో పుటికల నిల్వ ఆవుతో పోలిస్తే చాలా తక్కువ. హార్మోన్ సూదులకు అది ఇచ్చే పిండాలు ఒకటి రెండే. 1990లో కర్నాల్‌లో ప్రయోగశాల ఫలదీకరణతో తొలి గేదె దూడ పుట్టినా, ఆవుల్లో వచ్చిన ఊపు గేదెల్లో రాకపోవడానికి ఇదే ప్రధాన కారణం. గేదెల్లోనైనా యాంటీ ముల్లేరియన్ హార్మోన్ పరీక్షతో దాతల్ని ఎంచడం ఖర్చుకు తగిన పని అనిపిస్తుంది. ఆవుల్లో అది సౌకర్యం, గేదెల్లో అవసరం.

తేలని సంగతులు

అన్నిటికంటే బరువైన ప్రశ్న రికార్డులది. పదే పదే పిండాలు ఇస్తున్న దాత ఆవు చాలాకాలం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ రోజుల్ని మామూలు ఆవు రోజులతో కలిపి లెక్కిస్తే మేటి ఆవు చూలు కట్టనిదిగా కనబడుతుంది. అటువైపు, సూదికి నిలవని ఆవుకు పిండం పెట్టి చూలు కట్టించి, ఆ విషయం నమోదు చేయకపోతే బలహీనమైన ఆవు మంచిదిగా కనబడుతుంది. మదింపు చేసే సంస్థలు ఇలాంటి వివరాల్ని వేరు చేయగలిగేది ఫారం వాళ్లు చెప్పినప్పుడే. పిండ మార్పిడి పెరిగేకొద్దీ చెప్పని వివరాల బరువూ పెరుగుతుంది.

రెండోది తరాల మీద ప్రభావం. ప్రకృతిలో ఎద చూపించి, చూలు కట్టి, మోసి, ఈనిన ఆవే తన జన్యువుల్ని పంచుతుంది. పది నెలల పెయ్య నుంచి అండాలు తీస్తే ఈ జల్లెడలో ఏదీ దాటాల్సిన పని లేదు. జీనోమిక్ విలువ ఆ జల్లెడ స్థానాన్ని పూర్తిగా భర్తీ చేస్తుందా? అమెరికా గీత ఇప్పటిదాకా పైకే పోతోంది కాబట్టి భయపడాల్సిన సంకేతమేమీ లేదు. కానీ తరాల మధ్య కాలం ఇంతగా కుదించుకుపోయి ఎక్కువ ఏళ్లు గడవలేదు. రక్తసంబంధం దగ్గరవడం వేగంగా పెరుగుతోంది, కొత్త ప్రాణాంతక ఖండాలు బయటపడుతూనే ఉన్నాయి.

మూడోది మనది. ఇండిగావ్ లాంటి చిప్ జన్యువుల్ని చదువుతుంది. చదివిన దానికి అర్థం రావాలంటే ఆ ఆవు ఎప్పుడు ఎదకు వచ్చింది, ఎన్ని సూదులకు నిలిచింది, పిండం పెడితే ఎవరి పిండం, ఎన్నో రోజుది, నిలిచిందా లేదా అన్న వివరాలు వేల ఆవులకు ఉండాలి. పన్నెండంకెల చెవి ట్యాగు ఇప్పుడు కోట్ల పశువులకు ఉంది. ఆ నంబరు ఎదుట సూది తేదీ ఎక్కుతున్నంత నమ్మకంగా చూలు పరీక్ష ఫలితం, ఈత తేదీ ఎక్కడం లేదు. ఒంగోలు గ్రహీతల్లో, సంకర జాతి గ్రహీతల్లో పిండం నిలిచే శాతం ఎంత తేడాగా ఉందో, ఆ తేడాలో జన్యువుల వాటా ఎంతో లాం, చింతలదేవి, తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం తమ మార్పిడుల వివరాల్ని ఒకే పట్టికలో కలిపి ఏటేటా ప్రచురిస్తే కొన్నేళ్లలో చెప్పగలుగుతాం. దానికి కొత్త యంత్రమేమీ అక్కర్లేదు, మూడు నెలల తర్వాత అదే గుమ్మానికి వెళ్లి ఫలితం రాసుకువచ్చే మనిషికి జీతమూ, తీరికా కావాలి.